జానపద ధ్వనిముద్రణలో ఫార్మాట్ల వివాదం: ఉత్తరాంధ్ర క్షేత్రపరిశోధన దృష్టితో విమర్శ

వ్యాససంగ్రహం:
జానపద కళలు, మాండలికాలు, గిరిజన భాషలపై పరిశోధన చేసేవారికి ధ్వనిముద్రణ ప్రాథమిక ఆధారం. ఆ ధ్వనిని ఏ డిజిటల్ ఫార్మాట్‌లో ముద్రించాలి, ఏ ఫార్మాట్‌లో భద్రపరచాలి అన్న విషయంలో పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు ఉన్నాయి. ఎంపీ3 చాలునని ఒక పక్షం, అత్యధిక ప్రమాణంలో వేవ్ తప్ప మరేదీ శాస్త్రీయం కాదని ఇంకొక పక్షం, ఫ్లాక్ మేలని మూడవ పక్షం వాదిస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కళారూపాలను, భాషలను ఉదాహరణలుగా తీసుకొని ఈ మూడు వాదాల బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫార్మాట్ మంచిచెడ్డలను నిర్ణయించేది వినికిడి కాదని, రేపటి పరిశోధకుడు అడగబోయే ప్రశ్నకు జవాబు చెప్పగల శక్తి అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధ్వనిముద్రణ, వేవ్, ఫ్లాక్, ఎంపీ3, క్షేత్రపరిశోధన, ఉత్తరాంధ్ర జానపద కళలు, పాఠపరిష్కరణ, సవర భాష.

1. ఉపోద్ఘాతం

వాడుకభాషకు శాస్త్రగౌరవం సాధించిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పుట్టింది శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో. సవరలతో మాట్లాడి, వారి భాషను చెవితో పట్టి, లిపిలో నిలిపి ఆయన రచించిన సవర భాషా గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. నేటికీ ఆ భాషను గురించి మాట్లాడేవారు ఆ గ్రంథాన్ని దాటి వెళ్లలేరు. అయితే ఆ గ్రంథంలోని ప్రతి పదం రామమూర్తిగారి చెవి గుండా మనకు చేరినదే. ఆయన విన్నది సరిగా విన్నారా అని పరీక్షించడానికి గ్రంథం దాటి వెళ్లే మార్గం చదువరికి లేదు. ఆయన సామర్థ్యం మీద, నిజాయితీ మీద నమ్మకమే ఆధారం.

నేటి పరిశోధకుడి స్థితి వేరు. అతని చేతిలో రికార్డర్ ఉంది, కనీసం ఫోన్ ఉంది. తాను లిప్యంతరీకరించిన పాఠం పక్కనే ఆ పాఠానికి మూలమైన గొంతును కూడా అతడు నిలపగలడు. అతని నిర్ణయంతో విభేదించే హక్కు తరువాతివారికి దక్కేది అప్పుడే. ఆ గొంతు ఏ రూపంలో నిలిచిందన్నది యంత్రాలవారికి వదిలివేయదగిన విషయం కాదు. తాళపత్రాన్ని ఎలా చదవాలో ఎంత విచారిస్తామో, ధ్వనిని ఎలా నిలపాలో కూడా అంతే విచారించాలి.

2. వివాద స్వరూపం

వాదాలలోకి వెళ్లేముందు కొన్ని ప్రాథమిక విషయాలు అవసరం. డిజిటల్ ముద్రణలో ధ్వనితరంగాన్ని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా రాస్తారు. ఎన్నిసార్లు కొలిచారన్నది శాంప్లింగ్ రేటు. ఒక్కొక్క కొలతను ఎంత సూక్ష్మంగా రాశారన్నది బిట్ డెప్త్. శాంప్లింగ్ రేటులో సగం వరకు ఉన్న పౌనఃపున్యాలు మాత్రమే ముద్రణలో నిలుస్తాయి. 1980లో రూపొందిన కాంపాక్ట్ డిస్క్ ప్రమాణం 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు. మానవుడి వినికిడి సుమారు 20 కిలోహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది గనుక ఆ ప్రమాణం వినికిడికి సరిపోతుంది.

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు దాచేది వేవ్. దీనిని మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు 1991లో ప్రవేశపెట్టాయి. ఏమీ పోకుండా అంకెలను పొందికగా మడిచి, తిరిగి విప్పినప్పుడు అవే అంకెలను ఇచ్చేది ఫ్లాక్. ఇది 2001లో వెలువడింది, 2024 డిసెంబరులో అంతర్జాల ప్రమాణంగా నమోదయింది. చెవికి వినిపించదని లెక్కవేసిన భాగాన్ని వదిలివేసి, మిగిలినదాన్ని మాత్రమే దాచేది ఎంపీ3. ఇది 1993లో అంతర్జాతీయ ప్రమాణమయింది. మొదటి రెండూ నష్టరహితమైనవి, మూడవది నష్టసహితమైనది. ఫోన్‌లలో కనిపించే ఏఏసీ, ఓపస్, ఏఎంఆర్ కూడా మూడవ కోవకే చెందుతాయి.

పరిమాణంలో తేడా చాలా ఎక్కువ. రెండు చానెళ్లతో 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ముద్రణకు గంటకు సుమారు 2.07 గిగాబైట్లు కావాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లకు సుమారు 1.04 గిగాబైట్లు చాలు. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3కి గంటకు 58 మెగాబైట్లు మించవు. వివాదం మొదలైంది ఈ అంకెల దగ్గరే.

3. ‘చెవికి తేడా తెలియదు’ అనే వాదం

ఎంపీ3 పక్షం చెప్పే ప్రధాన కారణం ఇది: మంచి బిట్ రేటులో చేసిన ఎంపీ3ని, వేవ్‌ను పక్కపక్కన వినిపిస్తే చాలామంది గుర్తుపట్టలేరు. ఈ మాటలో నిజముంది. దీనిని తోసిపుచ్చేవారు తరచు అతిశయోక్తులకు దిగుతారు. వాన్ సన్ 2005లో ప్రచురించిన అధ్యయనం ఎంపీ3తో సహా మూడు నష్టసహిత పద్ధతులను పరీక్షించింది. బిట్ రేటు మరీ తక్కువ కానంతవరకు స్వరస్థాయి, ఫార్మెంట్ల కొలతలలో ఏర్పడే దోషం స్వల్పమేనని తేల్చింది. అంటే ఎంపీ3లో ఉన్న ముద్రణ పరిశోధనకు బొత్తిగా పనికిరాదనే మాట నిలవదు. పాత ముద్రణ ఎంపీ3 రూపంలో మాత్రమే మిగిలి ఉంటే దానిని పారవేయడం అవివేకం.

అయినా ఈ వాదంలో ఒక మౌలిక లోపం ఉంది. ‘చెవికి తేడా తెలియదు’ అన్నప్పుడు ఎవరి చెవి, ఏ ప్రయోజనానికి వింటున్న చెవి అన్నది చెప్పరు. ఎంపీ3 పద్ధతి మానవ శ్రవణంలోని ఒక బలహీనతను ఉపయోగించుకుంటుంది. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం దాని నీడలో పడి వినిపించదు. ఎంపీ3 ఆ నీడలో ఉన్నదాన్ని వదిలివేస్తుంది లేదా మోటుగా రాస్తుంది. కథ విని ఆనందించే శ్రోతకు దానివల్ల నష్టం లేదు. పరిశోధకుడు వెతికేది మాత్రం చాలాసార్లు ఆ నీడలోనే ఉంటుంది.

తప్పెటగుళ్లను ఉదాహరణగా తీసుకోవచ్చు. కళాకారులు గుండెకు కట్టుకున్న తప్పెటలను అరచేతులతో మోగిస్తూ, కాళ్ల గజ్జెలతో అడుగు వేస్తూ, పాడుతూ ఆడుతారు. తప్పెట దెబ్బ ఒక్కసారిగా లేచే శబ్దం. ఎంపీ3 ధ్వనిని చిన్నచిన్న కాలఖండాలుగా విభజించి లెక్కిస్తుంది. ఒక ఖండం మధ్యలో దెబ్బ పడితే, ఆ లెక్కలో వచ్చిన దోషం ఖండమంతా పరుచుకుంటుంది. తక్కువ బిట్ రేటులో దెబ్బకు ముందే ఒక మసక సవ్వడి వినిపించడానికి కారణం ఇదే. గజ్జెల మోత పై పౌనఃపున్యాలలో ఉంటుంది, తక్కువ బిట్ రేటు ఎంపీ3 మొదట కోత పెట్టేది అక్కడే. పాటలోని సాహిత్యం సేకరించేవారికి ఇది సమస్య కాదు. అడుగుకూ దెబ్బకూ మధ్య ఎంత వ్యవధి ఉంది, బృందంలో ఎవరి తప్పెట ముందు, ఎవరిది వెనుక అని లయను పరిశీలించేవారికి ఆధారమే చెదిరిపోతుంది. పైగా ఎంపీ3గా మార్చే ప్రక్రియ ఫైలు మొదట్లో కొన్ని పదుల మిల్లీసెకన్ల నిశ్శబ్దాన్ని చేర్చవచ్చు. విడిగా తీసిన వీడియోతో ధ్వనిని జతపరచి కొలిచేటప్పుడు ఈ జరుగుబాటును గమనించకపోతే ఫలితాలు తప్పుతాయి.

మాండలిక పరిశోధనలో నష్టం ఇంకా స్పష్టం. భద్రిరాజు కృష్ణమూర్తి గుర్తించిన నాలుగు తెలుగు మాండలిక మండలాలలో పూర్వమండలం ఈ ప్రాంతానిదే. దంత్య చకారానికీ తాలవ్య చకారానికీ మధ్య భేదం, స, శ, ష లలో ఏవి విడిగా పలుకుతున్నాయి, ఏవి కలిసిపోతున్నాయి అన్న ప్రశ్న ఇక్కడి పలుకును పరిశీలించేవారికి ఎదురవుతాయి. ఈ ధ్వనుల భేదానికి ప్రధాన ఆధారం పై పౌనఃపున్యాలలోని ఊష్మశక్తి. సకారపు శక్తిలో ఎక్కువ పాలు 4 కిలోహెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ఫోన్ సంభాషణలకై రూపొందిన ఏఎంఆర్ ఫార్మాట్ సాధారణ రూపంలో శాంప్లింగ్ రేటు 8 కిలోహెర్ట్జ్. అంటే 4 కిలోహెర్ట్జ్ దాటినది ఏదీ అందులో ఉండదు. అలాంటి ముద్రణ మీద ఆధారపడి ‘ఈ ఊరివారి పలుకులో స, శ భేదం లేదు’ అని నిర్ణయిస్తే, భేదం లేనిది పలుకులోనా ఫార్మాట్‌లోనా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. చెప్పిన అర్థం తెలిసింది కదా అని తృప్తిపడితే ధ్వని సాక్ష్యం చేజారినట్టే.

సవర భాషలో మరో చిక్కు ఉంది. ముండా కుటుంబానికి చెందిన ఈ భాషలో కంఠమూలంలో గాలి ఆగడం ఒక ముఖ్యమైన ధ్వని లక్షణం. పదాంతంలో స్పర్శం విడుదల కాకుండా కంఠంతో బిగిసిపోవడం తెలుగు చెవికి అంత తేలికగా పట్టుబడదు. అది కొన్ని మిల్లీసెకన్ల మౌనం, దాని అంచున సన్నని గరగర. ఇక్కడ ఫార్మాట్ కంటే పెద్ద శత్రువు ఫోన్‌లోని స్వయంచాలక సవరణలు. నేపథ్య శబ్దాన్ని అణచే సాఫ్ట్‌వేర్ ఆ గరగరను కూడా చెత్తగా భావించి తుడిచివేయగలదు. శబ్దస్థాయిని దానంతటదే పెంచి తగ్గించే ఏర్పాటు మౌనాన్ని గాలిహోరుతో నింపగలదు. ఆ ఫోన్ వేవ్‌లో ముద్రించినా జరిగిన నష్టం జరిగినదే. ఫార్మాట్ పేరు చూసి నిశ్చింతగా ఉండరాదనడానికి ఇది మొదటి హెచ్చరిక.

4. ‘అత్యధిక ప్రమాణమే శాస్త్రీయం’ అనే వాదం

రెండవ పక్షం అంతర్జాతీయ ప్రమాణాలను ఉటంకిస్తుంది. అంతర్జాతీయ ధ్వని, దృశ్యశ్రవ్య సంగ్రహాలయాల సంఘం మార్గదర్శకాలు పాత టేపులను, రికార్డులను డిజిటల్‌లోకి మార్చేటప్పుడు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ఉండాలని చెబుతాయి. 96 కిలోహెర్ట్జ్‌ను మేలైనదిగా సూచిస్తాయి. దీని ఆధారంగా 96 కిలోహెర్ట్జ్ కంటే తక్కువైనదంతా అశాస్త్రీయమని తీర్పు చెప్పేవారున్నారు.

ఇక్కడ జరిగిన పొరపాటు సందర్భం తప్పడం. ఆ మార్గదర్శకాల దృష్టి ప్రధానంగా శిథిలమవుతున్న అనలాగ్ వస్తువుల మీద ఉంది. ఉదాహరణకు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వయొలిన్ వాదన నిలిచి ఉన్న 78 వేగం రికార్డును డిజిటల్‌లోకి మార్చేటప్పుడు సంగీతంతో పాటు గీతల చిటపటలు కూడా నిశితంగా నమోదు కావాలి. ఆ చిటపటలను తరువాత తొలగించడానికి వాటి ఆకారం తెలియడం అవసరం. పది అంగుళాల రికార్డు ఒక పక్కన సుమారు మూడున్నర నిమిషాలు మించి పట్టదు. ఆ కాలపు విద్వాంసులు రాగాన్ని ఆ పరిమితికి కుదించి వాయించవలసి వచ్చింది. ఫార్మాట్ కళ రూపాన్నే మార్చగలదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

పల్లెలో నేరుగా చేసే ముద్రణ సందర్భం వేరు. క్షేత్రంలో వాడే చాలా మైకుల సామర్థ్యం 20 కిలోహెర్ట్జ్ వరకే ఉంటుంది. 96 కిలోహెర్ట్జ్ ముద్రణలో 24 నుంచి 48 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న భాగం చాలావరకు ఖాళీ గది. ఆ ఖాళీకి పరిశోధకుడు చెల్లించే మూల్యం తూర్పు భాగవతాన్ని ముద్రించేటప్పుడు తెలుస్తుంది. రాత్రి మొదలై ఆరు గంటలు సాగిన ప్రదర్శనకు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో 12.4 గిగాబైట్లు పడుతుంది. సాధారణ వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటలేదు. ఈ ప్రమాణంలో ఆ హద్దు సుమారు 2 గంటల 4 నిమిషాలకే వస్తుంది. అక్కడ రికార్డర్ ఫైలును తెంచి కొత్తది మొదలుపెడుతుంది. కొన్ని యంత్రాలు అతుకు కనిపించకుండా చేస్తాయి, కొన్నింటిలో క్షణకాలం ధ్వని జారిపోతుంది. జారిపోయినది సత్యభామ ప్రవేశ దరువే కావచ్చు. 48 కిలోహెర్ట్జ్‌లో అదే హద్దు 4 గంటల 8 నిమిషాలకు వస్తుంది. యూరోపియన్ ప్రసార సంఘం ప్రతిపాదించిన ఆర్ఎఫ్64 రూపం ఈ హద్దును తొలగించింది గాని, చౌక రికార్డర్లన్నింటిలో అది ఉండదు.

అయితే ఈ పక్షం చెప్పేదాంట్లో ఒక అంశం గట్టిది. అది 24 బిట్ల విషయం. ఒక్కొక్క బిట్ సుమారు 6 డెసిబెళ్ల వ్యాప్తినిస్తుంది. లెక్కప్రకారం 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 డెసిబెళ్లు. విజయదశమి తరువాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి సిరిమానోత్సవంలో డప్పుల మోత ఏ క్షణాన ఏ స్థాయికి లేస్తుందో ముందుగా తెలియదు. స్థాయిని తక్కువగా పెట్టుకుంటే 16 బిట్లలో మెల్లని మాటలు గరుకుగా మారే ప్రమాదముంది. ఎక్కువగా పెట్టుకుంటే డప్పు దెబ్బకు తరంగం తల తెగిపోతుంది. తెగిన తలను ఏ సాఫ్ట్‌వేర్ తిరిగి తేలేదు. 24 బిట్లు పరిశోధకుడికి జంకు లేకుండా స్థాయి తగ్గించుకునే వెసులుబాటు ఇస్తాయి. బొబ్బిలి వీణ తీగ నాదం క్రమంగా సన్నగిల్లి మౌనంలో కలిసేటప్పుడు కూడా ఈ వెసులుబాటే కాపాడుతుంది. కాబట్టి రెండు అంకెలలో దేనికి చోటు ఖర్చుపెట్టాలన్న ప్రశ్న వస్తే, క్షేత్రముద్రణలో శాంప్లింగ్ రేటు పెంచడం కంటే బిట్ డెప్త్ పెంచడమే ప్రయోజనకరం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు పల్లె ముద్రణకు సమంజసమైన ప్రమాణం.

5. వేవ్, ఫ్లాక్: నష్టరహితాల మధ్య ఎంపిక

ధ్వని విషయంలో ఈ రెండింటికీ భేదం శూన్యం. ఫ్లాక్‌ను విప్పితే వేవ్‌లోని అంకెలే అక్షరాలా వస్తాయి. అందుచేత ‘వేవ్ నాదం నిండుగా ఉంటుంది’ అనే మాటకు ఆధారం లేదు. భేదం ఉన్నది నిర్వహణలో.

వేవ్‌కు ఉన్న బలం సరళత. ప్రాట్, ఈలాన్ వంటి విశ్లేషణ సాధనాలు దానిని నేరుగా స్వీకరిస్తాయి. 1997లో యూరోపియన్ ప్రసార సంఘం రూపొందించిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ రూపంలో ముద్రణ తేదీ, సమయం, ముద్రించినవారు వంటి వివరాలకు ఫైలులోనే స్థానం ఉంది. ఫ్లాక్‌కు ఉన్న బలాలు రెండు. ఒకటి, పరిమాణం తరచు సగం దరిదాపులకు తగ్గుతుంది. రెండు, ధ్వని సారాన్ని బట్టి లెక్కకట్టిన ఒక ముద్ర ఫైలు ఆరంభంలోనే ఉంటుంది. పదేళ్ల తరువాత డిస్క్‌లో ఒక్క బిట్ చెడినా ఆ ముద్రతో పోల్చి కనిపెట్టవచ్చు. వేవ్‌లో అలాంటి రక్షణ లేదు. చెడినదని తెలియకుండానే చెడిన ప్రతి మీద పరిశోధన సాగే అవకాశముంది.

ఫ్లాక్‌కు ఉన్న పరిమితిని కూడా చెప్పాలి. ఇటీవలి రికార్డర్లలో వస్తున్న 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో తల తెగడమనే భయం దాదాపు లేదు. ఆ రూపాన్ని ఫ్లాక్ ఉన్నదున్నట్టు స్వీకరించదు. వాటిని వేవ్‌గానే ఉంచాలి, లేదా స్థాయి సరిచేసి 24 బిట్లకు మార్చిన తరువాతనే ఫ్లాక్‌గా మడవాలి. ముద్రణ వేవ్‌లో, నిల్వ అవకాశాన్ని బట్టి వేవ్‌లో గాని ఫ్లాక్‌లో గాని అన్నది సమన్వయ మార్గం. ఈ రెండింటి మధ్య పక్షపాతం వహించి వాదులాడటం, ఒకే పాఠం ఉన్న రెండు ప్రతులలో ఏ కట్ట అందంగా ఉందని తగవుపడటం వంటిది.

6. మూలప్రతి, నకలు: పాఠపరిష్కరణ చూపిన దారి

తెలుగు పరిశోధనకు ఈ వివాదాన్ని పరిష్కరించుకునే పరికరాలు కొత్తగా అరువు తెచ్చుకోనక్కరలేదు. పాఠపరిష్కరణ సంప్రదాయంలో అవి ఉన్నాయి. సి.పి. బ్రౌన్ (1798–1884) ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు సేకరింపజేసి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఏ ప్రతికి ఏది మాతృక, లేఖకుడి చేతిదోషం ఏది, ప్రక్షిప్తం ఏది అని విచారించడం ఆ పని సారం. నకలుకు నకలు తీసినకొద్దీ దోషాలు పెరుగుతాయన్నది అక్కడి మొదటి సూత్రం.

ధ్వనిలో కూడా అంతే. ఎంపీ3ని సవరించి మళ్లీ ఎంపీ3గా దాచిన ప్రతిసారీ కొంత పోతుంది. వాట్సాప్‌లో స్వరసందేశంగా పంపితే అది తక్కువ బిట్ రేటులో ఓపస్ రూపంలో వెళుతుంది. దాన్ని అందుకున్నవారు వేవ్‌గా మార్చితే ఫైలు ఉబ్బుతుంది గాని, పోయినది రాదు. ఇది చిరిగిన తాళపత్రాన్ని కొత్త కాగితం మీద దస్తూరీగా రాసి మూలప్రతి అని చెప్పడమే. అలాంటి వేవ్‌ను కనిపెట్టే మార్గం లేకపోలేదు. వర్ణపట చిత్రం తీస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గరనో అంతకు కిందనో గీత గీసినట్టు ధ్వని ఆగిపోవడం తరచు కనిపిస్తుంది. కాగితంలోని నీటిగుర్తు కాలాన్ని చెప్పినట్టు, ఆ గీత ఫైలు వంశాన్ని చెబుతుంది. జానపద, భాషా సిద్ధాంతగ్రంథాల పరీక్షకులు లిప్యంతరీకరణ పుటలను పరిశీలించినట్టే ఆధారముద్రణల వర్ణపటాలను కూడా పరిశీలించడం న్యాయం.

ఈ దృష్టితో చూస్తే ఎంపీ3కి కూడా గౌరవమైన స్థానం దొరుకుతుంది. మూలప్రతిగా అది తగదు. చదువుకునే ప్రతిగా అది శ్రేష్ఠం. దాని పేటెంట్ల అనుమతుల కార్యక్రమం 2017లో ముగిసింది. బటన్ల ఫోన్ మొదలుకొని బస్సులోని పాటల పెట్టె దాకా అది మోగుతుంది. మూలప్రతి నష్టరహితంగా ఒక్కసారి నిలిచాక, దాని నుంచి ఎన్ని ఎంపీ3లైనా తీయవచ్చు. ఎంపీ3 మూలం నుంచి వేవ్‌ను తీయడం మాత్రం అసాధ్యం. వాదాన్ని తేల్చేది ఈ ఏకముఖత్వమే, వినికిడి పరీక్ష కాదు.

7. ఊరు, పేరు, అనుమతి

ఫార్మాట్ల గొడవలో మరుగునపడే విషయం ధ్వనికి తోడుండవలసిన సమాచారం. ఈ ప్రాంతానికి సంబంధించి దీని ప్రాముఖ్యం మరీ ఎక్కువ. పార్వతీపురం 1979కి ముందు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 ఏప్రిల్ నుంచి అదే పేరున్న మన్యం జిల్లాకు కేంద్రం. సవరలు నివసించే సీతంపేట 2022 వరకు శ్రీకాకుళం జిల్లా, ఆపైన పార్వతీపురం మన్యం జిల్లా. కాబట్టి ‘శ్రీకాకుళం జిల్లా సవర పాట’ అని మాత్రమే రాసి, తేదీ రాయని ముద్రణ 96 కిలోహెర్ట్జ్‌లో ఉన్నా ఎక్కడిదో తెలియని ఏకప్రతే. ఊరు, మండలం, తేదీ, పాడినవారు తమను తాము పేర్కొన్న తీరు, వాడిన యంత్రం, మైకు ఉన్న దూరం ఇవన్నీ ఫైలులోను, విడిగా ఒక పట్టికలోను ఉండాలి.

భద్రత కూడా ఫార్మాట్‌తో సమానమైన ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పరిసరాలను తాకాయి. ఒకే గదిలో ఒకే హార్డ్ డిస్క్‌లో ఉన్న సంపద తీరం దాటే ఒక్క తుఫానుకు, లేదా ఏటా వచ్చే చెమ్మకు పోగలదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి తీరానికి దూరంగా అన్న నియమం ఇక్కడ నిత్యావసరం. ఫ్లాక్ చోటు ఆదా చేస్తే, ఆ ఆదా చేసిన చోటులో మరో ప్రతి ఉంచవచ్చు. అప్పుడు ఫార్మాట్ ఎంపిక సంరక్షణకు కూడా తోడ్పడినట్టవుతుంది.

చివరిది హక్కు. జముకు చర్మం మధ్యనుంచి లాగిన తీగను బిగించి సడలిస్తూ కథకు వంతపాడే కళాకారుడు తన గొంతును, వాద్యాన్ని పరిశోధకుడికి ఇస్తున్నాడు. ఆ ముద్రణ తిరిగి అతని ఇంటికి చేరకపోతే అది సేకరణ మాత్రమే, పరస్పరం కాదు. 24 బిట్ల వేవ్‌ను అతని ఫోన్ తెరవలేకపోవచ్చు. అతనికి ఎంపీ3 ఇవ్వడం తక్కువ ప్రతి ఇవ్వడం కాదు, అతను వినగలిగే ప్రతి ఇవ్వడం. అదే సమయంలో మూలప్రతి ఎక్కడ ఉంది, ఎవరు వినవచ్చు, దేనికి వాడవచ్చు అన్నది అతనికి తెలిసి, అతని అంగీకారంతో జరగాలి. ‘సేకరణ నాది గనుక ఫైలు నాది’ అనే భావన జానపద పరిశోధనకు మొదటి నుంచీ ఉన్న జబ్బు. నిల్వ చౌకైన కొద్దీ అది ముదిరే ప్రమాదముంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. ఎంపీ3 చాలుననే వాదం నేటి శ్రోతను చూస్తుంది, రేపటి పరిశోధకుడిని చూడదు. 96 కిలోహెర్ట్జ్ తప్పనిసరి అనే వాదం సంగ్రహాలయపు నియమాన్ని పల్లె అరుగు మీదికి సందర్భం చూడకుండా తెస్తుంది. వేవ్, ఫ్లాక్ మధ్య వాదం ధ్వనికి సంబంధించినది కాదు, నిర్వహణకు సంబంధించినది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్‌లో స్వయంచాలక సవరణలు లేకుండా ముద్రించడం, మూలప్రతిని ముట్టకుండా వేవ్‌గానో ఫ్లాక్‌గానో పలుచోట్ల ఉంచడం, వినడానికి, పంచడానికి ఎంపీ3 తీయడం, వివరాలు నమోదు చేయడం, పాడినవారికి వారి ప్రతి చేర్చడం అన్నవి సామాన్య వనరులున్న పరిశోధక విద్యార్థికి కూడా సాధ్యమైన పనులే.

రామమూర్తిగారు సవరల మాటను కాగితం మీద నిలిపినప్పుడు ఆయనకు ఎంపిక లేదు, ఉన్న సాధనం కలమే. ఆ కలంతో ఆయన చూపిన శ్రద్ధ ఎంతటిదో ఆ గ్రంథమే సాక్ష్యం. నేటివారికి ఎంపిక ఉంది. ఒక ముదుసలి కథకురాలు ఒక్కసారి మాత్రమే చెప్పే కథను ముద్రించేటప్పుడు రికార్డర్ మెనూలో నొక్కే ఆ చిన్న ఎంపిక, యాభై ఏళ్ల తరువాత ఎవరో అడగబోయే ప్రశ్నకు ఆమె గొంతు జవాబు చెప్పగలదా లేదా అన్నది నిర్ణయిస్తుంది. ఆ ప్రశ్న ఏమిటో నేడు తెలియదు. తెలియదు గనుకనే ఆ గొంతులో ఏది అనవసరమో తేల్చే అధికారాన్ని ఎంపీ3 లెక్కకు అప్పగించరాదు.